నన్ను చూడని ఎర్రలైటు

మార్చి 3, 1980. సోమవారం

మళ్ళీ అదే. లెఫ్ట్ టర్న్ దగ్గర ఎర్రలైటు. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. అటువైపు వాళ్ళకి పచ్చ పడుతుంది, ఆరుతుంది, మళ్ళీ పడుతుంది... నా వంతు మాత్రం రాదు. స్కూటర్ మీద చలికి వణుకుతూ కూర్చున్నాను. చివరికి వెనక పాల ట్రక్కు వచ్చి ఆగింది. వెంటనే పచ్చ బాణం. ట్రక్కు కనిపించింది దానికి. నేను కనిపించలేదు.

ఫ్యాక్టరీలో పొద్దున ఆరింటి షిఫ్టుకి లేటు. సూపర్‌వైజర్ లిండా గడియారం వంక చూసి — "రెండోసారి, విశాలా." ప్రొబేషన్‌లో మూడోసారి అయితే ఇక రానక్కర్లేదట. నవ్వుతూనే చెప్పింది. ఒళ్ళు మండింది. లైటు మారలేదంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

మార్చి 4

ఆయనకి చెప్పాను. ఇంజనీరు గారు కదా, పేపర్ మడవకుండానే జవాబు. "రోడ్డు కింద బరువు చూసే ప్లేట్ ఉంటుంది. నువ్వూ, నీ స్కూటరూ కలిసి ఎంత? కారు అనుకోవాలంటే ఇంకా బరువు కావాలి." అని మళ్ళీ పేపర్లోకి.

సరే. బరువేగా.

మార్చి 5

పొత్రం! గుంటూరు నుంచి చీరల మధ్య చుట్టి, విమానంలో అమెరికాకి మోసుకొచ్చిన రుబ్బురోలు పొత్రం. గ్రోసరీ బ్యాగ్‌లో పెట్టి, కాళ్ళ మధ్య ఫుట్‌బోర్డు మీద నిలబెట్టాను. మలుపు తిరిగినప్పుడల్లా అది ఒకవైపు, నేను ఒకవైపు. లైటు దగ్గర ఆగి, బరువంతా వేసి కూర్చున్నాను... ఊహూ.

పేపర్ వ్యాను వచ్చింది కాబట్టి సరిపోయింది.

మార్చి 6

పొత్రం, వెనక సీటు మీద బియ్యం సంచీ. ఊహూ.

కుడికి తిరిగితే ఫ్రీవే, వేగంగా పోయే కార్ల మధ్య ఈ బండితో కుదరదు. దిగి నడిపించుకుపోదామంటే నడిచేవాళ్ళకి లైటు మార్చే బటన్ కూడా లేదు అక్కడ. ఈ సన్నీవేల్‌లో నడిచేవాళ్ళుంటేగా. ఎంత ముందు బయలుదేరినా, వెనక కారు వచ్చేదాకా అంతే సంగతులు.

మార్చి 7, శుక్రవారం

ఇంటికి రాగానే ఈ డైరీ తీశాను. రాస్తే భయం తగ్గుతుందేమో.

పక్కన ఒక గడ్డం మనిషి పెద్ద మోటార్ సైకిల్ మీద వచ్చి ఆగాడు. ఇద్దరున్నాం కదా, ఈసారి మారుతుందనుకున్నాను. మారలేదు. అతను నావైపు తిరిగి — "మనకి మారదమ్మా ఇది. అలవాటు చేసుకో." అటూ ఇటూ చూసి ఎర్రలైట్లోనే వెళ్ళిపోయాడు. అతని వెనకే నేను. ఎందుకు వెళ్ళానో తెలీదు. కాదు, తెలుసు. విసిగిపోయాను.

పోలీసు నా వెనకే వచ్చాడు. గడ్డం మనిషి ఎప్పుడో మాయం. లైసెన్స్ చూశాడు, నన్ను చూశాడు, కాళ్ళ దగ్గర బ్యాగ్ చూశాడు. "ఏముంది అందులో?"

"రాయి."

బ్యాగ్ తెరిచి చాలాసేపు చూశాడు. "దేనికి?"

పప్పు రుబ్బడానికి అన్నాను. అది నిజమే కదా. లైటు కోసం అని చెబితే ఇంకేమనుకునేవాడో. జరిమానా టికెట్ రాసి, చక్కగా థాంక్యూ చెప్పి మరీ ఇచ్చాడు.

గంట ముందు బయలుదేరాను కాబట్టి షిఫ్టు అందింది. బొట్టు తుడుచుకుని — కుంకుమ రేణువు ఒక్కటి పడినా మేం చేసే కంప్యూటర్ చిప్‌లు పాడవుతాయట — తెల్ల ముసుగు వేసుకుని లోపలికి వెళ్ళాక గానీ ఏడుపు రాలేదు. ముసుగులో ఏడిస్తే ఎవరికీ తెలీదు. ఆ సుఖం ఒకటి ఉంది ఆ గదిలో.

మార్చి 8

టికెట్ ఆయనకి చూపించాను. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఈ స్కూటర్ అమ్మేద్దాం విశాలా. ఏదైనా అయితే..." అన్నారు. పాపం, భయపడ్డారు. అది నాకు తెలుస్తూనే ఉంది, అయినా కోపం.

సాయంత్రం పై అపార్ట్‌మెంట్ రాజ్యలక్ష్మి గారు కాఫీకి వచ్చి వినేశారు. "మా వారు తొమ్మిదింటికి వెళ్తారు కదా, ఆయన కార్లో వెళ్ళవచ్చు. షిఫ్ట్ మార్చమని అడుగమ్మా." ప్రొబేషన్‌లో ఉన్నదాన్ని, నేను అడిగితే మారుస్తారా? మా ఆయన ల్యాబ్ నుంచి అర్ధరాత్రికి గానీ రారు, తెల్లవారకుండా లేపి దింపమనలేను. అంటే స్కూటర్ పోతే ఉద్యోగం పోయినట్టే. ఇద్దరూ తలలూపుతూ కాఫీ తాగారు, ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు.

ఈ ఉద్యోగం దొరక్కముందు రెండేళ్ళు ఈ కిటికీ దగ్గర కూర్చున్నాను. పార్కింగ్ లాట్లో ఏ కారు ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మళ్ళీ అక్కడ కూర్చోలేను. కూర్చోను.

మార్చి 9, ఆదివారం

నడిచి వెళ్ళాను లైటు దగ్గరికి. పగటి వెలుగులో ఎప్పుడూ చూడలేదు దాన్ని. షిఫ్టు వేళకి అంతా చీకటే, తిరిగొచ్చేది వేరే వైపు నుంచి.

ప్లేట్ లేదు. ఏ ప్లేటూ లేదు. తారు రోడ్డు మీద సన్నటి కోత, నల్లటి గీత. పొడవుగా వెళ్ళి, మలుపు తిరిగి, మళ్ళీ మొదటికే వచ్చింది. కార్లు ఆగే చోట పెద్ద పెట్టెలా గీశారు. ఆ గీత పక్కనున్న స్తంభం దాకా పోయింది.

తీగ. చుట్ట చుట్టిన తీగ!

గుంటూరులో మూడేళ్ళు ఫిజిక్స్ పాఠం చెబుతూ బోర్డు మీద గీశాను ఈ బొమ్మ. తీగచుట్టలో కరెంటు, దాని మీదికి లోహం వస్తే ఏమవుతుంది... వెనక బెంచీ వాళ్ళని నిలబెట్టి మరీ అడిగేదాన్ని. రోడ్డు చూసేది బరువుని కాదు, లోహాన్ని. అలాంటిదాన్ని రాయి మోశాను. బియ్యం మోశాను. ఆయన చెప్పారు, నేను నమ్మాను, ఒక్క క్షణం ఆలోచించలేదు. రెండేళ్ళలో ఇలా అయిపోయానా? రోడ్డు పక్కన నిలబడి నవ్వాను. కార్లోంచి ఎవరో చూశారు. చూడనీ.

మార్చి 10

పెట్టె మధ్యలో కాకుండా సరిగ్గా గీత మీద ఆపాను. పచ్చ!

మార్చి 11

గీత మీదే. పడలేదు. వెనక కారు వచ్చాక వెళ్ళాను. షిఫ్టు బొటాబొటీగా అందింది.

మార్చి 12

రాగి తీగ కొన్నాను. ఫుట్‌బోర్డు కింద నాలుగు చుట్లు, రెండు కొసలూ కలిపి అతకాలి. కలపకపోతే అందులో కరెంటు పారదు, లైటుకి నేను కనిపించను. సోల్డరింగ్ ఐరన్ ఆయనది. హాల్లోకి తెచ్చి, కార్పెట్ మీద పేపర్ పరిచి స్కూటర్ పక్కకి ఒరగబెట్టి చేస్తుంటే ఆయన వచ్చారు. ఇవాళే త్వరగా రావాలా?

"ఏమిటిది?"

చెప్పాను. వంగి చూశారు. "బరువని ఎవరన్నారు నీకు?"

తల ఎత్తి చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే కూర్చుని టార్చ్ పట్టుకున్నారు.

మార్చి 13

పచ్చ.

మార్చి 14

పచ్చ. వెళ్ళేటప్పుడు పాట వచ్చింది నోటికి. చాలా రోజులైంది.

మార్చి 16, ఆదివారం

రేపటితో ప్రొబేషన్ ఆఖరు.

మనసు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాను. సాయంత్రం రోడ్డు ఖాళీగా ఉంది కదా అని చూసి వద్దామని వెళ్ళాను. మొదటిసారి పచ్చ. చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ ఆగాను... పడలేదు. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. పడలేదు. ఎందుకు? అతుకు ఊడిందా? చూస్తే బాగానే ఉంది.

ఇంటికొచ్చి హెల్మెట్ బల్ల మీద పెట్టాను. మొహం చూసి ఆయనే కనిపెట్టారు. "రేపు నేను కార్లో దింపుతాను. ఒక్క రోజేగా. అలారం పెట్టాను." ఎంత ప్రేమగా అన్నారో. ఆ తర్వాత, దుప్పటి సర్దుకుంటూ, "పర్మనెంట్ అయ్యాక తీరిగ్గా షిఫ్ట్ మార్చమందాం. అప్పుడు స్కూటర్ సంగతి చూడొచ్చు" అని.

స్కూటర్ సంగతి అంటే ఏ సంగతి? అడగలేదు. నిద్ర రావడం లేదు. ఆయనకి అప్పుడే పట్టేసింది.

మార్చి 17

ఆయన నిజంగానే లేచారు. బాత్రూంలో నీళ్ళ చప్పుడు. కారు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళారు.

కారు అయితే చాలు, లైటు వెంటనే మారుతుంది. వేళకి వెళ్తాను, ఉద్యోగం ఉంటుంది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా కార్లోనే వెళ్తారు. అలా వెళ్తే స్కూటర్ పోయినట్టే, ఆ లైటు ఇక ఎప్పటికీ ఆయనదే.

స్కూటర్‌కి ఇంకో రెండు చుట్లు వేశాను ఇందాక. అతికానో లేదో సరిగ్గా కనిపించలేదు చీకట్లో.

నీళ్ళ చప్పుడు ఆగింది. హెల్మెట్ పెట్టుకునే రాస్తున్నాను ఇది.