సివిక్స్ పీరియడ్ తీసేసిన్రు, బాపూ

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నర్సంపేట దగ్గర నువ్వు సివిక్స్ చెప్పిన బడిలనే ఇప్పుడు నేను చెప్తాన.

పోయిన నెల గ్రామసభ పాఠం చెప్పిన. తొమ్మిదో తరగతి షబానా దాన్ని ఇంటికాడ వాళ్ళమ్మకు చదివి వినిపించిందట. ఆ తల్లి మా ఊరి గ్రామసభల లేచి, "బడి బోరింగ్ ఎందుకు బాగుచేస్తలేరు?" అని అడిగింది. పెద్దమనుషులు నవ్విన్రు. జవాబు చెప్పేదాక ఆమె కూసోలే.

తెల్లారి హెడ్‌మాస్టర్ నన్ను పిలిచిండు.

"తల్లులను లొల్లికి తోలుతున్నవా మేడం?"

"పుస్తకంల ఉన్నదే చెప్పిన సార్."

"పుస్తకంల ఉంటది. పరీక్షల రాస్తే చాలు."

ఆ వారమే నా పీరియడ్ లెక్కలకు ఇచ్చిండు.

ఇయ్యాల పొద్దున బడిల అదే హెడ్‌మాస్టర్ నీ ఫొటోకు దండేసి, "ఈ సారు మంచి పౌరులను తయారుచేసిండు" అని మైకుల చెప్పిండు. కూతురిగ నన్ను గూడ రెండు ముక్కలు మాట్లాడమన్నడు. నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది.

"మా బాపు పీరియడ్ వాపస్ ఇయ్యున్రి," అన్న.

మైకు బంద్ చేసిన్రు. నేను గొంతు పెంచి మళ్ళ అడిగిన. పక్కన నిలబడ్డ సార్లు, మేడమ్‌లు అందరు తలలు దించుకున్నరు. వాళ్ళల్ల సగం మంది నీ దగ్గర సివిక్స్ చదువుకున్నోళ్ళే, బాపూ.