ఏడో నంబరు శవానికి నేను పెట్టిన కళ్లు

గౌరవనీయులైన రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, మిర్యాలగూడ.

అయ్యా,

విషయం: వాడపల్లి పడవ ప్రమాద మృతుల రిజిస్టరులో ఏడో నంబరు శవము పేరు సవరించుట గురించి.

మిర్యాలగూడలో ఫొటో స్టూడియో నడుపుకొనుచు పత్రికకు ఫొటోలు పంపు గోవర్ధన్ అను నేను విన్నవించుకొనునది:

1. తొమ్మిదేళ్ల క్రితం సంగమం వద్ద పడవ ఒరిగినప్పుడు ఒడ్డున ఉన్నది నేనే. దేశమంతా చూసిన ఆ ఫొటో నాదే. చేతులు చాచిన వారిని ఫోకస్ చేసితిని గాని చేయి అందించలేదు. దీనిపై తమను కోరునది ఏమియు లేదు.

2. గుర్తు తెలియని శవములకు ఫొటోలు తీసి, అయినవాళ్లు గుర్తుపట్టుటకు బోర్డుకు అంటించు పని నాకే వచ్చినది. ఏడో నంబరు ఒక ఆడపిల్ల. ముఖం ఉబ్బి, కళ్లు మూసుకుని ఉండెను. బతికుండగా ఫొటో దిగని వారికి దండ వేసే ఫొటో కావాలంటే, శవానికే తీసి వేరొకరి కళ్లు అతికించి తెరిపించుట మా స్టూడియోలలో మామూలు. అలవాటు చొప్పున ఆ పిల్లకూ తెరిపించితిని. ఎవరూ చేయమనలేదు. కన్నవాళ్లు ఆ ముఖం ఎట్లా చూస్తారు, పాపం, అనుకున్నాను.

3. ఆ కళ్లు సంతోషివి. మోతె సత్యానందం మాస్టారు తన కూతురు సంతోషి కనబడుటలేదని ప్రకటన కొరకు ఆ ఉదయమే నాకిచ్చిన ఫొటోలోనివి. కంప్యూటర్‌లో అదే తెరిచి ఉంది, తీసి పెట్టేశాను. ఇంత బుద్ధి తక్కువ పని ఎవరైనా చేస్తారా? సాయంత్రం మాస్టారు బోర్డు ముందు నిలబడి, "గవి మా సంతోషి కండ్లే. బిడ్డ నన్నే సూస్తున్నది" అన్నాడు. పెట్టె మూత తెరవనివ్వకుండా తీసుకెళ్లి సమాధి చేసుకున్నాడు.

4. కోదాడ దగ్గరి తండా మంగ్త్యా కూడా తన కూతురు బుజ్జి కోసం అదే బోర్డు ముందు నిలబడెను. "ఈమె గాదు" అని పక్క ఫొటోకు పోయెను. తరువాత నెలకు, బుజ్జి ఎడమ చేతికి మూడు పచ్చబొట్టు చుక్కలుండేవని నాతో చెప్పినాడు. బోర్డు మీద ముఖము వరకే పెట్టితిని గాని, నేను దిద్దని అసలు ఫొటోలో ఏడో నంబరు చేతికి ఆ చుక్కలున్నవి. అప్పటి నుంచి నెలనెలా వచ్చి ఏమన్నా తెలిసిందా అని అడుగుతాడు, లేదంటాను. ఈ నెల రేషన్ కార్డులో బుజ్జి పేరు తీసేస్తామంటే డీలరుతో కొట్లాడినాడట. ఇగ నావల్ల కాదు సార్. పాస్‌పోర్ట్ ఫొటోకు కూర్చున్నవాళ్లు కళ్లు మూస్తే చాలు, కెమెరా కింద పెట్టేస్తున్నాను.

కావున రిజిస్టరు సవరించి, ఆ ఇద్దరు తండ్రులకు తమరి నోటితోనే నిజము తెలియజేయ ప్రార్థన. నాపై ఏ చర్యకైనా సిద్ధము. అసలు ఫొటో జతపరచడమైనది. ఇంతకన్న దాచలేని వాడినని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గోవర్ధన్

మనవి: ఈ కాగితం రాస్తుండగా మంగ్త్యా వచ్చాడు. అతనికి చదువు రాదు. ఎవరికి రాస్తున్నావని అడిగితే, ఆఫీసరు గారికి, బుజ్జి గురించి అన్నాను. "జల్ది దొరకాలె అని రాయి సారూ" అని, సాక్షిగా తనే వేలిముద్ర వేశాడు. కింద ఉన్నది ఆయనదే.