పంటికి తెగని దారం

అమ్మా, మొన్న ఇక్కడికి వచ్చి వెళ్లిన బావ నీతో చెప్పినంత ఘోరమేమీ జరగలేదు. ముందు పన్ను కొస విరిగింది, అంతే. మనిషిని నిక్షేపంలా ఉన్నాను. ఫోను చేస్తే మొహం చూపించమంటావని కార్డు రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీలో నేను నడిపే మిషన్లో ప్లాస్టిక్ గింజలు నాలుగు వందల డిగ్రీల వేడికి కరిగి, జల్లెడ కన్నాల్లోంచి వెంట్రుకల్లాంటి పోగులై దిగుతాయి. వాటిని కలిపి సాగదీసి రీలుకు చుట్టడం నా పని. ఆ రోజు రీలు నిండేసరికి కత్తెర అందలేదు. పొద్దస్తమానం కుట్టుమిషన్ దగ్గర నువ్వు చేసేదే నేనూ చేశాను, పంటితో కొరికాను. "ఇది విమానాల్లోకి వెళ్లే దారమమ్మా, గుండీలు కుట్టేది కాదు" అన్నాడు సూపర్‌వైజరు, నా పన్ను ముక్క రీల్లో ఎక్కడ ఇరుక్కుందోనని వెతుకుతూ. దారానికి గాటైనా పడలేదు. డాక్టరు పన్ను సరిచేశాడు, నమలడానికి ఇబ్బంది లేదు.

వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? నా పాత స్వెట్టరు పంపు, ఇక్కడ లోపల ఉడుకు, బయట చలి. నాన్నను, అక్కను అడిగానని చెప్పు.

నేను కొనిచ్చిన చిన్న కత్తెర, నువ్వు కాగితమైనా విప్పనిది, అదీ పంపమందామనుకున్నాను. వద్దులే, నువ్వే వాడు. నీకు మిగిలిన ముందు పళ్లు మూడే.

నీ చిన్న కూతురు