మూడూళ్ళు తిరిగే కవితల నోట్‌బుక్

వహీద్ భాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. జహీరాబాద్‌లో మనం ఐదుగురం మొదలుపెట్టిన కవితల నోట్‌బుక్ ఇప్పుడు బస్సెక్కి ఝరాసంగం, మొగుడంపల్లి కూడా తిరుగుతోంది. ముప్పై మంది రాస్తున్నారు. తగవొస్తే తీర్చడానికి నువ్వే లేవు.

పోయిన నెల మొగుడంపల్లి అనసూయ టీచర్ కవిత కింద ఝరాసంగం మాణిక్యం "పోయి రొట్టెలు చేస్కో" అని రాశాడు. ఆమె ఊరివాళ్ళు నోట్‌బుక్ ఆపేశారు. అందరినీ నీ టైలర్ షాపుకే పిలిచాను. కొందరు ఆ పేజీ చింపమన్నారు, కొందరు మాణిక్యాన్నే తీసేయమన్నారు.

"ఏదీ చింపకున్రి," అన్నది అనసూయ. "ఆయన మాట గట్లనే ఉండనీయున్రి. కింద నేను జవాబు రాస్త."

అక్కడే రాసింది: "రొట్టెలు చేసినంకనే ఈ కవిత రాసిన. రెండిట్ల నువ్వు ఒక్కటన్న చేసి చూపియ్యి."

ఇకనుంచి ఏ ఊరి రాతలు ఆ ఊళ్ళో ఒకరు చదివాకే ముందుకు పంపాలని అందరం ఒప్పుకున్నాం.

నిన్న నోట్‌బుక్ నా దగ్గరికొచ్చింది. ఆమె జవాబు కింద మాణిక్యం రాసిన కొత్త ముక్క ఉంది: "రొట్టె మాడింది అక్కా. కవితన్న జర నేర్పు."

పగలబడి నవ్వి, నీకు చూపిద్దామని పక్కకు తిరిగాను.

నీ నర్సింలు