నెట్టు వైరు మీద తడి లుంగీ

ప్రేమక్కకి,

తిరువూరు నుంచి తమ్ముడు యేసుదాసు మిక్కిలి బాధతో తెలియజేయునది ఏమనగా, మా ఇంటి నెట్టు డబ్బాలో పచ్చ లైటు ఆరిపోయి ఎర్ర లైటు వెలిగింది. పాస్టరు గారు వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నీ మరదలు గ్లోరి అన్నం మానేసింది.

రోజూ స్నానం చేసి, డాబా మీద తీగకి లుంగీ ఆరేసి నీకు వీడియో కాల్ చేస్తాను కదా. ఆ తీగే నెట్టు వైరంట! కేబులు బెన్నీ వచ్చి, "ఇది దండెం అనుకున్నావా బాబాయ్? తడి బట్ట బరువుకి వైరు వంగిపోయి నెట్టు పోతాంది" అని తిట్టాడు.

ఫోన్లో కదలకుండా కూర్చుని, నెట్టు ఆగిందని నిన్ను ఎన్నిసార్లు ఆటపట్టించానో. ఆదివారం నా మొహం నవ్వుతూ నిజంగానే ఆగిపోయింది. "బావకి గుండె ఆపరేషనని ఏడుస్తుంటే, ఇప్పుడు కూడానా రా నీ ఆటలు!" అని వాయిస్ పెట్టావు. నెట్టు వచ్చాకే విన్నాను. ఇక ఫోనెత్తవు, మెసేజీ చూడవు. అందుకే ఈ కార్డు.

ఆపరేషను ఎప్పుడు? బస్సెక్కి వస్తాను. ఆసుపత్రిలో రాత్రిళ్ళు నేనుంటాను, నువ్వు ఇంటికెళ్ళి పడుకో. బావకి ఉప్పు మానమన్నారా? ఆవకాయ తేవచ్చా? బావకి వందనాలు, మేనకోడలు హాసినికి ముద్దులు.

పాస్టరు గారు రాలేదు, గ్లోరి అన్నం మానలేదు. ఆ రెండూ నేను కల్పించినవే. మిగతాదంతా నిజం. ఆదివారం నీ ఏడుపు నాకు వినపడలేదక్కా.

యేసు