శనివారం వద్దన్న టైర్లు

అక్టోబర్ 17

పొద్దున కారు అద్దం మీద మంచు పొర. ఈ ఏడు ఇదే మొదలు. గీకుతూ సగంలో ఆగిపోయాను. చలికి కాదు.

మా మార్కమ్ ఊరంతా ఎర్రటి ఆకులు, అందరూ ఫోటోలు. నా కళ్ళ ముందు మాత్రం పోయిన ఫిబ్రవరి. స్కూలు దగ్గర దిగుడు రోడ్డు మీద మంచు… ఎర్ర లైటు… బ్రేక్ తొక్కాను. కారు ఆగలేదు. తొందరేమీ లేనట్టు, నెమ్మదిగా జారుకుంటూ నాలుగు రోడ్ల మధ్యకు పోయింది. వెనక సీట్లో చింటు. అడ్డంగా ఎవరూ రాలేదు, అంతే. "మామ్, దట్ వాజ్ సో కూల్!" అన్నాడు వాడు.

అక్టోబర్ 19

రవితో మళ్ళీ అదే వాదన. "ఆల్ వీల్ డ్రైవ్ అనే కదా ఇంత పెద్ద బండి కొన్నాం. మళ్ళీ వింటర్ టైర్లెందుకు?"

నాలుగు చక్రాలూ తిరిగితే బండి బయల్దేరుతుంది. ఆగడం వేరే విషయం. ఆ దిగుడులో నాకు తెలిసింది అదే. చెప్తే — "నీకు భయం ఎక్కువ." ఎక్కువే. ఇంట్లో ఒక్కరైనా భయపడాలి కదా, మా ఆయన ధైర్యానికి బ్యాలెన్స్ కావద్దూ.

అక్టోబర్ 22

ఆదివారం మొత్తం టైర్లతోనే సరిపోయింది. పెళ్ళి సంబంధాలు కూడా ఇంత చూడలేదు.

ఇప్పుడున్నవి ఆల్ సీజన్. పేరే అబద్ధం, చలి ముదిరితే రబ్బరు కట్టెలా బిగుసుకుపోతుంది. ఆల్ వెదర్ అయితే ఏడాదంతా ఉంచేయొచ్చు, మార్చే పని లేదు. రవి మొగ్గు దానికే. అసలు వింటర్ టైర్లు మెత్తగా ఉంటాయట. టైరు పక్కన కొండ బొమ్మ, అందులో మంచుపువ్వు, మంచుకి పనికొస్తాయని గుర్తు. చలి పోయాక విప్పి గరాజ్‌లో పెట్టుకోవాలి.

"పోనీ ముందు రెండింటికీ వేయిద్దాం" అని రవి బేరం. ముందువి పట్టుకుని వెనకవి పట్టుకోకపోతే? బండి గిర్రున తిరుగుతుంది. వద్దు. నాలుగూ.

అక్టోబర్ 26

సింధు ఫోన్ చేసింది. అక్క కూతురు సెప్టెంబర్‌లో సార్నియా కాలేజీకి వచ్చిన దగ్గర్నుంచీ నాకు రెండో చింటు. కాకపోతే ఇక్కడి నుంచి మూడు గంటల దూరం.

పార్ట్ టైమ్ దొరికిందట. ఇక్కడా ఒక లండన్ ఊరుంది, ఆ వైపు ఏదో వేర్‌హౌస్. ఆ వేళకు బస్సు ఉండదు. కార్తీక్ అని క్లాస్‌మేట్, వరంగల్ అబ్బాయి, పాత కారు కొన్నాడు. పనికి వెళ్ళే ఐదుగురూ అందులోనే. 402 హైవే మీద. పక్కనున్న పెద్ద సరస్సు మీది నుంచి గాలి లేస్తే ఆ రోడ్డు మీద ముందున్న బండి కూడా కనపడదంటారు.

నేను పెట్టిన రూలు ఒక్కటే — ఎక్కేటప్పుడు మెసేజ్, దిగాక మెసేజ్. "బయల్దేరినం." "చేరినం." ఆ రెండింటి మధ్య నాకు ఏ పనీ సాగదు. ఇవాళ పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

అక్క నిన్న కరీంనగర్ నుంచి: "నువ్వున్నవనే పంపిన చెల్లె."

అక్టోబర్ 30

రవి ఒప్పుకున్నాడు. అసలు వింటర్ టైర్లే, స్టీల్ రిమ్ములతో సహా. నవంబర్ 4 శనివారం అపాయింట్‌మెంట్. ఎన్నాళ్ళకో ఇవాళ కంటి నిండా నిద్రపోతాను.

నవంబర్ 2

"శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకుంటారటమ్మా?"

అత్తయ్య. ఇక్కడున్న వాళ్ళ తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చి నాలుగో నెల. గారెల పిండి రుబ్బుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు. టైర్లు రబ్బరు అత్తయ్యా అన్నాను. "రిమ్ములు ఇనుమని నువ్వే చెప్పావుగా."

రవి నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వాను గానీ…

నవంబర్ 3

క్యాన్సిల్ చేశాను.

రాయడానికి సిగ్గుగా ఉంది. అత్తయ్య మళ్ళీ ఒక్క మాట కూడా అనలేదు. చేసింది నేనే. పిల్లాణ్ణి కూర్చోబెట్టుకునే బండి. రేపు ఏదైనా జరిగితే, ఆ శనివారం వల్లే అని జీవితాంతం అనిపిస్తుంది. టైర్లు కొనమన్నదీ ఈ భయమే, వద్దన్నదీ ఈ భయమే.

నవంబర్ 6

షాపుకి ఫోన్. అందరూ ఒక్కసారే పడ్డారట, నెలాఖరు దాకా ఖాళీ లేదు. 28 మంగళవారం ఇస్తానన్నాడు. మర్నాడు కుదరదా అని అడిగాను. అత్తయ్య పక్కన కూడా లేరు. మంగళవారం వద్దని నోటికి అదే వచ్చింది.

29, బుధవారం. అప్పటిదాకా మంచు పడకుండా ఉంటే చాలు.

నవంబర్ 16

పడింది.

ఆఫీసుకి సెలవు పెట్టి చింటుని స్కూలుకి నడిపించాను. "ఎవ్రీవన్ ఎల్స్ ఈజ్ డ్రైవింగ్, మామ్." నడువు, మాట్లాడకు అన్నాను. బండి డ్రైవ్‌వేలో మంచు కప్పుకుని ఉంది. దాని వైపు చూడలేదు.

నవంబర్ 17

సింధు. గొంతు వేరేగా ఉంది.

"ఏం కాలె పిన్ని. కారు జారింది… గడ్డిల పోయి ఆగింది. ఎవరికీ ఏం కాలె. అమ్మకు చెప్పకు."

నిన్న షిఫ్టు నుంచి తిరిగొస్తుంటేనట. హైవే పక్క గడ్డి కాలవలో దిగబడితే వెనక వచ్చే ట్రక్కు అతను ఆగి లాగాడు. నిన్న "చేరినం" అని మెసేజ్ వచ్చింది నాకు. ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. నేను పడుకున్నాను.

ఫోన్ పెట్టేముందు — "పిన్ని, ఈ వీకెండ్ నువ్వొచ్చి నన్ను తీసుకపోతవా? రెండు దినాలుంట. గంతే."

టైర్లు ఇంకా వేయించలేదమ్మా అన్నాను. 29 తర్వాత తప్పకుండా వస్తాను అన్నాను. "సరే పిన్ని, నువ్వు గూడ జాగ్రత్త" అంది.

నన్ను జాగ్రత్త అంది.

నవంబర్ 18

శనివారం. రేపు నేను వెళ్ళనా అని రవి అడిగాడు. ఈ టైర్లతో నువ్వూ వద్దు అన్నాను. 4న వేయించుకుని ఉంటే ఈపాటికి సింధు మా డైనింగ్ టేబుల్ దగ్గర ఉండేది.

నవంబర్ 29

వేశారు. నల్లగా, లావుగా, గాట్లతో. వేలితో నొక్కితే నిజంగానే మెత్తన.

అత్తయ్య పసుపు, కుంకుమతో డ్రైవ్‌వేలో సిద్ధం. బండికి బొట్లు. హారతి కర్పూరం గాలికి ఎన్నిసార్లు ఆరిందో. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు. రవి ముందుకు కదిపాడు. మూడు చితికాయి. వెనక కుడి చక్రం కిందది చితకలేదు. మంచులోకి దిగబడి అలాగే ఉండిపోయింది, నున్నగా, పచ్చగా.

"మంచు మెత్తగా ఉంది, అంతే" అన్నాడు రవి. అత్తయ్య హారతి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ వెళ్ళడమే నాకు నచ్చలేదు.

నవంబర్ 30

ఆ నాలుగో నిమ్మకాయ. పొద్దున వెళ్ళి చూశాను. గడ్డకట్టి క్రికెట్ బంతిలా ఉంది. చెప్పుతో తొక్కినా పగల్లేదు. తీసి చెత్తబుట్టలో వేశాను. చదువుకున్నదాన్ని, పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నిమ్మకాయను తలచుకుంటూ మీటింగ్‌లో కూర్చున్నాను.

డిసెంబర్ 2

సార్నియా. ఒక్కదాన్నే నడిపాను. రవి వస్తానన్నాడు, చింటుకి స్విమ్మింగ్ ఉంది.

402 ఎక్కగానే మంచు మొదలైంది. స్టీరింగ్ ఎంత గట్టిగా పట్టుకున్నానో వేళ్ళు ఇప్పటికీ లాగుతున్నాయి. కానీ బండి… పట్టుకుంది. ఖాళీ ఎగ్జిట్ దగ్గర కావాలని బ్రేక్ తొక్కి చూశాను. ఆగింది. ఎక్కడ ఆగమంటే అక్కడ. నాకు ఏడుపొచ్చింది.

సింధు చిక్కింది. నేను తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి సీసా మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేసింది. బ్యాగ్ సర్దుకో, పోదాం అన్నాను. "రేపు షిఫ్టుంది పిన్ని. ఇప్పుడు షిఫ్ట్ వదిలితే మళ్ళ పిలవరు. బయట ఎంతమంది లైన్ల ఉన్నరో తెలుసా నీకు?"

కాలేజీ నిండా మన పిల్లలే. ఉన్న ఉద్యోగాలు గుప్పెడు. తెలుసు.

వెళ్ళేముందు వాకిట్లో కార్తీక్ కారు చూశాను. వంగి టైరు మీద చెయ్యి పెట్టి చూశాను. అరచేతికి నున్నగా తగిలింది. గాట్లు ఉండాల్సిన చోట ఏమీ లేవు, మా అమ్మ వాడి వాడి అరగదీసిన సన్నికల్లు లాగ.

"మెల్లగనే పోతం ఆంటీ" అన్నాడు కార్తీక్. మంచి పిల్లాడు. వాడికీ భయంగానే ఉంది, కళ్ళలో కనపడుతోంది.

డిసెంబర్ 3

నిన్న తిరిగొస్తుంటే దారంతా బండి ఒక్కసారి కూడా జారలేదు. పక్క సీటు ఖాళీ. ఎవరి కోసం ఇన్ని రోజులు టైర్ల గురించి చదివాను నేను?

డిసెంబర్ 4

సార్నియాలోని టైర్ల షాపుకి ఫోన్ చేశాను. కార్తీక్ కారుకి నాలుగు వింటర్ టైర్లు. రవి సరే అన్నాడు, ఈసారి వాదన లేదు. కార్తీక్ మాత్రం "వద్దు ఆంటీ, వద్దు" అని చాలాసేపు. అది నీకు కాదు, మా పిల్ల కూర్చునే సీటుకి అన్నాను. ఊరుకున్నాడు.

వాళ్ళకు ఖాళీ ఉన్నది 9న. శనివారం.

ఫోన్ చేత్తో మూసి అత్తయ్య వైపు చూశాను. కూరగాయలు తరుగుతున్నారు. కత్తి ఆపారు. "నా వైపు చూస్తావేంటే? వేయించు. ముందు ఖాయం చెయ్యి, ఆ ఖాళీ కాస్తా పోతుంది."

ఖాయం చేశాను. శనివారం దాకా వెళ్ళొద్దని సింధుకి మెసేజ్ పెట్టాను. బొటనవేలు బొమ్మ పంపింది. అది సరే అనో, చూశాను అనో.

డిసెంబర్ 6

రేపు మధ్యాహ్నం షిఫ్టు ఉందట. వెళ్ళొద్దు అన్నాను. బతిమాలాను. తిట్టాను. "ఒక్క దినమే గద పిన్ని. ఎల్లుండి టైర్లేస్తరు గద."

ఎల్లుండి కాదే. ఆవలెల్లుండి.

డిసెంబర్ 7

"బయల్దేరినం పిన్ని."

మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు ఇక్కడ ఎండ. రేడియోలో — 402 మీద మంచు గాలి, అవసరమైతే తప్ప రోడ్డెక్కొద్దు అని.

ఫోన్ చేస్తే కలవట్లేదు. కార్తీక్‌దీ అంతే. దారిలో సిగ్నల్ ఉండదు అంటున్నాడు రవి ఆఫీసు నుంచి. నిజమే అయ్యుండొచ్చు. మెల్లగా పోతున్నారేమో. ఎక్కడైనా పక్కకు ఆపుకున్నారేమో…

మామూలుగా అయితే ఈపాటికి "చేరినం" రావాలి.

అక్కకు ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పను. అక్కడ ఇంకా తెల్లవారలేదు.

అత్తయ్య టీ తెచ్చి నా ముందు పెట్టారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇవాళ ఏ వారమే?"

గురువారం అత్తయ్యా.

"మంచి వారమే" అన్నారు. టీ చల్లారిపోయింది. ఇద్దరం ఫోన్ వైపే చూస్తున్నాం.