మొదటి ముద్ద

అక్టోబర్ 7, సోమవారం. సాయంత్రం 4.30

ఈ రోజు ఓపీలో ఎనభై ఒక్కమంది. సూర్యాపేట మొత్తానికి సైకియాట్రిస్టును నేనొక్కదాన్నే ఉన్నానా అనిపించింది. మధ్యాహ్నం బాక్సు తెరవనే లేదు.

యాభై ఏడో నంబరు ధర్మేందర్. ఇరవై ఆరేళ్లు, ఆత్మకూర్ (ఎస్) మండలం, గొర్రెల కాపరి. తండ్రి జానయ్య, భార్య నాగరాణి వెంట వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది నెలల నుంచి ఇద్దరు మగవాళ్లు అతని గురించి మాట్లాడుకుంటున్నారట. మనుషులు కనపడరు, మాటలే వినపడతాయి. వీడు లేచిండు, వీడు చెప్పులేసుకుండు, వీనికి ఇయ్యాల అయిపాయె అంటారట. దానికన్నా పెద్ద భయం తిండి. నా బువ్వల ఏదో కలుపుతున్నరు మేడమ్, నన్ను సంపనీకే అన్నాడు. అంటున్నంతసేపూ కళ్లు నాగరాణి మీదే.

స్కిజోఫ్రీనియా. అందులో నాకేం అనుమానం లేదు. మందు వేసుకోవడమే సమస్య. ఇంతకుముందు ఎవరో ఇచ్చిన మాత్రలన్నీ కాలువలో పారేశాడట. నాకు రోగం లేదు, గోలీ మింగనంటే మింగ అని చెప్పేసి బయటికి వెళ్లిపోయాడు. జానయ్య వెనకాల పరుగెత్తాడు.

నాగరాణి కదల్లేదు. పెళ్లై రెండేళ్లు. ఆమె తండ్రి తుంగతుర్తిలో ఏదో ఆఫీసులో అటెండర్. వరికోతలు అయ్యేదాకా సూస్త, తక్కువ గాకుంటే నిన్ను తోల్కపోత అన్నాడట. నేను పోను మేడమ్, ఆయన మంచోడు, రోగం రాకముందు నన్ను ఒక్క మాట అనలే అని ఏడ్చింది.

రంగూ వాసనా లేని సిరప్ రాశాను. రోజుకు రెండు ఎంఎల్. మంద దగ్గరికి కట్టిచ్చే సద్ది బాక్సంతా కలపకు, సగం వదిలేస్తే సగం మందు పోతుంది, పైపైన చల్లు, మొదటి ముద్దలోనే లోపలికి పోవాలి అన్నాను. అతనికి చెప్పకు. మామకూ చెప్పకు, నోరు జారతాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

స్టాఫ్ నర్సు శాంతాబాయి పెన్ను పక్కన పెట్టి నన్నే చూసింది. ఏంటి అన్నాను. ఏం లేదు మేడమ్ అంది. ఆమె ఏం లేదు అంటే ఏదో ఉన్నట్టే. కానీ ఇంకా ఇరవై నలుగురు ఉన్నారు.

అక్టోబర్ 8

పేషెంటుకు తెలియకుండా ఇచ్చే సిరప్ అందరూ రాస్తారు. నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు.

అక్టోబర్ 21, సోమవారం

నాగరాణి ఒక్కతే వచ్చింది. అతనిలో ఏ మార్పూ లేదు. మాటలు అలాగే వినపడుతున్నాయి, ఇంట్లో గిన్నెలు వాసన చూస్తున్నాడు. సద్ది తింటున్నాడా అని అడిగాను. బాక్సు కడిగినట్టే వస్తది మేడమ్, మెతుకు ఉండదు అంది.

నాలుగు ఎంఎల్ చేశాను.

వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. బాక్సు కట్టేటప్పుడు ఆయన ఎదురుంగనే నిలబడి సూస్తడు మేడమ్, నేను నవ్వుకుంట కట్టాలె అని. మంచి కోసమే కదమ్మా అన్నాను. ఈ వాక్యం రోజుకు ఎన్నిసార్లు వాడతానో లెక్క లేదు.

నవంబర్ 5, మంగళవారం. కోదాడ క్యాంపు

ఇక్కడ వరికోతలు మొదలయ్యాయి. కోసిన మళ్లల్లో రాత్రిళ్లు గొర్రెల మంద ఉంటే పొలానికి ఎరువు. అందుకని రైతులు మందల్ని పిలిపించుకుంటారు. జానయ్య మంద కూడా ఇటే వచ్చింది. ఊళ్లో రైతు ఇచ్చిన గదిలో నాగరాణి వండుతుంది. మగవాళ్లు మళ్లల్లో ఉంటారు. సద్ది అక్కడికే పోతుంది.

జానయ్య క్యాంపుకు వచ్చాడు. కొడుకు గురించేమో అనుకున్నాను. కాదు, కుక్క గురించి! మంద కాసే కుక్క, పేరు కరెంటు. ఆకు కదిలినా మొరిగేదట, ఇప్పుడు పడుకుంటే లేవట్లేదట. నోట్లోంచి సొల్లు కారుతోందట, మెడ కర్రలా బిగుసుకుపోయిందట. నక్కలు మూడు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయినా లేవలేదట. మీ కాడ ఏమన్న మందుంటదా మేడమ్ అని అడిగాడు. వెంట వచ్చిన కోదాడ రైతు, కుక్కకి మనుషుల డాక్టరు గారేం చేస్తారయ్యా అని నవ్వాడు. శాంతాబాయి నవ్వింది. నేనూ నవ్వాను. పశువుల దవాఖానకు పొమ్మన్నాను.

కొడుకు ఎలా ఉన్నాడంటే గట్లనే ఉన్నడు, జర ఎక్కువే అన్నాడు.

నాగరాణికి ఫోన్ చేసి ఆరు ఎంఎల్ చేయమన్నాను.

నవంబర్ 15, శుక్రవారం. మిర్యాలగూడ

క్యాంపు తర్వాత ఇంటికి వెళ్లాను. నాన్న ప్రార్థన ముగించకముందే ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రిటైరైనా సత్యానందం సారు సారే. సుజాతా, తిండి ముందర కూడా నీకు తొందరేనా అన్నాడు. ఎనభై ఒక్కమందిని చూసి చూడు నాన్నా అన్నాను. విసురుగానే వచ్చింది. తర్వాత బాధేసింది, కానీ సారీ చెప్పలేదు.

నవంబర్ 21, గురువారం. మధ్యాహ్నం 3.00

వరుసగా రాస్తాను.

పదకొండింటికి క్యాజువాలిటీ నుంచి ఫోన్. డ్యూటీ డాక్టర్ కుర్రాడు కంగారుగా రేబిస్ కేసులా ఉంది మేడమ్, అయినా మీ పేషెంటేనట అన్నాడు. వెళ్లేసరికి మంచం చుట్టూ ఎవరూ లేరు, అందరూ దూరం జరిగి గోడకు ఆనుకున్నారు. మంచం మీద ధర్మేందర్. మెడ వెనక్కి విరుచుకుపోయింది. కళ్లు పైకి తిరిగి అక్కడే నిలిచిపోయాయి. దవడ బిగుసుకుంది. జానయ్య ఒక్కడే కొడుకు తల పట్టుకుని ఉన్నాడు. కుక్కకు వచ్చిన రోగమే వీనికీ వచ్చింది మేడమ్, దాని మెడ గూడ గిట్లనే పోయింది అని ఏడుస్తున్నాడు.

కుక్క మెడ.

రేబిస్ కాదు. నా సిరప్ ఎక్కువైతే వచ్చేది ఇదే. ఎంబీబీఎస్ పిల్లలకు నేనే పాఠం చెబుతాను దీని గురించి.

విరుగుడుగా ఫెనర్గాన్ ఇంజెక్షన్ ఇప్పించి, జానయ్యను అడిగాను, కుక్క ఏం తింటుంది అని. మేం ఏం తింటే అదే మేడమ్ అన్నాడు. మంద కాడ సద్ది ఇప్పినంక మొదటి ముద్ద కుక్కకే పెడతం, అది తిన్నంకనే మేం తింటం, మా తాతల సంది గంతే అన్నాడు. ఆడవాళ్లు మంద దగ్గరికి రారు. అటెండర్ కూతురికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. నేనా, సద్ది మొదట ఎవరు తింటారో అడగనే లేదు.

నలభై రోజులు నా మందు కుక్క తింది. అతనికి ఒక్క చుక్కా పోలేదు. తగ్గట్లేదని నేను డోసు పెంచుతూ పోయాను. మొన్న సోమవారం జానయ్య, ఇగ ఇది పనికిరాదని కుక్కను ఆత్మకూర్ పంపించేశాడు. సోమవారం నుంచి మొదటి ముద్ద ధర్మేందరే తిన్నాడు. ఆరు ఎంఎల్, ఒక్కసారిగా.

అరగంటకు మెడ పట్టు వదిలింది. కళ్లు కిందికి దిగాయి. స్పృహలోనే ఉన్నాడు, మొదటినుంచీ అన్నీ వింటూనే ఉన్నాడు. నాలుక ఇంకా మొద్దుగానే ఉంది. ఏం కలిపిండ్రు అని అడిగాడు.

గోడ దగ్గరున్న నాగరాణి నా వైపు చూసింది. నాతో వచ్చిన శాంతాబాయి నా వైపు చూసింది.

జబ్బు వల్ల అలా అయింది, రెస్ట్ తీసుకో అన్నాను.

ఛీ.

నవంబర్ 22, శుక్రవారం

మిర్యాలగూడ క్యాంపుకు వెళ్లలేదు. ఎనిమిదింటికే వార్డుకు వెళ్లాను. శాంతాబాయి స్టూలు తెచ్చి వేసింది.

చెప్పేశాను. నీ అన్నంలో మందు కలిపింది నిజం. కలపమన్నది నేను. నాగరాణి తప్పు లేదు. నిన్న నీతో అబద్ధం చెప్పాను, అది రెండో తప్పు. ఆ ఇద్దరి మాటలు మాత్రం జబ్బే, నిన్ను ఎవరూ చంపడానికి చూడట్లేదు.

తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని శాంతాబాయి దగ్గరికి జరిగింది. అతను జానయ్య వైపు తిరిగి ఇన్ని నెలల సంది చెప్తున్న గదనే అన్నాడు. జానయ్యకు ఇదంతా అప్పుడే తెలిసింది, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత నాగరాణితో, నవ్వుకుంట పెట్టినవ్ అన్నాడు. అంతే. ఆ పిల్ల గోడకు తల ఆనించి నిలబడిపోయింది.

చివరికి నన్ను అడిగాడు. గిది నిజమైనప్పుడు గది అబద్ధమని నాకెట్ల ఎరుకైతది మేడమ్?

పన్నెండేళ్లు చదివాను. కేస్‌షీట్‌లో ఆ ప్రశ్నను అతని మాటల్లోనే రాసి వచ్చాను.

నవంబర్ 23

వద్దన్నా వినకుండా డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టి ధర్మేందర్ వెళ్లిపోయాడు. వరికోతలు అయిపోయాయి. నాగరాణిని ఆమె తండ్రి తుంగతుర్తికి తీసుకెళ్లాడు. రెండిళ్ల వాళ్లూ ఇచ్చిన నాలుగు నంబర్లూ స్విచాఫ్.

శాంతాబాయిని అడిగాను, సిరప్ రాసిన రోజే నన్నెందుకు ఆపలేదని. మీరు ఆగిండ్రా మేడమ్ అంది.

డిసెంబర్ 3, మంగళవారం. కోదాడ

జానయ్య వచ్చాడు. ధర్మేందర్ ఎవరి చేతి తిండీ ముట్టట్లేదు. తనే మూడు రాళ్ల మీద వండుకుంటున్నాడు, నీళ్లు కూడా తనే తోడుకుంటున్నాడు. మాటలు ఎక్కువయ్యాయి. మొన్న కాలువ గట్టు మీద నిలబడి, దుంకుమంటున్నరు, దుంకుమంటున్నరు అని అరిచాడట. జానయ్య నడుం పట్టుకుని లాగాడట. బలవంతంగా తీసుకొచ్చి అడ్మిట్ చేద్దామన్నాను, అంబులెన్సు పంపిస్తానన్నాను. ఒక్కపారి మీరొచ్చి మాట్లాడుండ్రి మేడమ్, అప్పటికీ గాకుంటే తోల్కపోదురు అన్నాడు. అప్పటిదాకా రాత్రిళ్లు కొడుకు చేతికి తన చెయ్యి కట్టుకుని పడుకుంటాడట. మంద రేపు మిర్యాలగూడ వైపు కదులుతుంది.

ఇంతమంది పేషెంట్లను చూశాను. ఒక్కడు చచ్చిపోతాడేమోనని ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. ఈసారి కారణం నేను.

డిసెంబర్ 6, శుక్రవారం. మిర్యాలగూడ

నాన్న స్కూటర్ మీద మంద దగ్గరికి వెళ్లాం. రైసు మిల్లులు దాటాక కాలువ పక్కన. ముందు కుక్క వచ్చింది. కరెంటు! మందు మానేసరికి కోలుకుంది, వెనక్కి తెచ్చుకున్నారు. నన్ను చూసి అది మొరిగిన మొరుగుడికి నాన్న స్కూటర్ దిగనే లేదు. అది మొరగడం న్యాయమే.

ధర్మేందర్ చిక్కిపోయాడు. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతున్నాడు. ఒక్కోదాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని, దవడ పట్టి, సీసా చూపించి పోస్తున్నాడు. నేను ఒక మాత్రల స్ట్రిప్ తీసి గట్టు మీద పెట్టాను. దీని పేరు ఇది, దీంతో ఆ మాటలు తగ్గుతాయి, చాలా తక్కువ డోసుతో మొదలుపెడదాం, మెడ పట్టేస్తే ఇదిగో దానికి మాత్ర, నీకు వద్దంటే వద్దు, కానీ గట్టు మీదికి మాత్రం వెళ్లకు అన్నాను. ఏడుపొచ్చేసింది. డాక్టర్లు ఏడవకూడదని ఎవడు చెప్పాడో వాణ్ని ఇక్కడికి తేవాలి.

అతను కాళ్ల మధ్య ఉన్న గొర్రెను వదిలేశాడు. గొర్రెకు గూడ గిట్ల నోరు తెరిచి, కండ్ల ముందట పోస్తం మేడమ్ అన్నాడు.

స్ట్రిప్ తీసుకోలేదు. వద్దని కూడా అనలేదు. గట్టు మీదే వదిలేసి వచ్చాను. అంబులెన్సు పంపే ముందు ఒక్క వారం ఆగమని జానయ్య అడిగాడు, సరే అన్నాను. సరే అనొచ్చా? తెలీదు.

డిసెంబర్ 9

జానయ్య ఫోన్. ఉన్నడు మేడమ్.

డిసెంబర్ 10

ఉన్నడు.

డిసెంబర్ 13, శుక్రవారం. మిర్యాలగూడ క్యాంపు. 1.15

వచ్చాడు. జానయ్య బయటే ఆగిపోయాడు. ఈసారి కూర్చున్నాడు. జేబులోంచి స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టాడు. పది మాత్రలూ అలాగే ఉన్నాయి. పక్కన సద్ది బాక్సు పెట్టి తెరిచాడు. అన్నం, పచ్చిపులుసు. నువ్వు వండావా అంటే తలూపాడు.

ముద్ద కలిపి నా ముందు పట్టుకున్నాడు. మొదటి ముద్ద.

శాంతాబాయి లేవబోయింది. చెయ్యి ఊపి ఆపాను. తిన్నాను.

పావుగంట సేపు నా మెడ వైపే చూశాడు. బయట లైను అరుస్తోంది, అరవనిచ్చాను. తర్వాత స్ట్రిప్ చించి ఒక మాత్ర నా అరచేతిలో పెట్టి, నోరు తెరిచాడు.